దారిలో ఉన్నా, నాయనమ్మా

ఆ రోజుల్లో నాకు ఉద్యోగం లేదు గానీ ఒక సిద్ధాంతం ఉండేది. ఇరవై రెండేళ్ళ వయసులో మొటిమలూ సిద్ధాంతాలూ కలిసే వస్తాయి. మొటిమలు వాటంతటవే పోతాయి. సిద్ధాంతాలు మాత్రం పోతూ పోతూ మనదేదో ఒకటి పట్టుకుపోతాయి. నా ఈడు కుర్రాళ్ళలో ఒకడు జన్మలో ఒకరి కింద పనిచెయ్యనన్నాడు, ఇంకొకడు ఒంటికి మంచిది కాదని పంచదార మానేశాడు. (మొదటివాడు ఇప్పుడు ముగ్గురు మేనేజర్ల కింద పనిచేస్తున్నాడు. రెండోవాడికి షుగరొచ్చింది.) నా సిద్ధాంతం వాళ్ళంత గొప్పదేం కాదు. వీడియో గేముల్లో ఫాస్ట్ ట్రావెల్ వాడకూడదు, అంతే.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. కొన్ని గేముల్లో ఒక పెద్ద రాజ్యం ఉంటుంది. అడవులు, కొండలు, పల్లెలు, కోటలు అన్నీ ఉంటాయి. మన వీరుడు ఎటు కావాలంటే అటు తిరగొచ్చు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవాలంటే గుర్రం మీద పోవచ్చు, చాలాసేపు పడుతుంది. లేదా మ్యాప్ తెరిచి, ఇంతకుముందు చూసిన ఊరి మీద నొక్కితే తెర ఒక్క క్షణం నల్లబడుతుంది, కళ్ళు తెరిస్తే ఆ ఊళ్ళో ఉంటాం. ఈ రెండో పద్ధతే ఫాస్ట్ ట్రావెల్. మామూలు జనం అందరూ దాన్నే వాడతారు. ఇంటర్నెట్‌లో మాలాంటి వ్రతస్థులం కొంతమందిమి మాత్రం అది మహాపాపమని, అందమంతా దారిలోనే ఉందని, నొక్కి ఊరు చేరేవాడికి ఊరు దొరుకుతుంది గానీ ప్రయాణం దొరకదని రోజూ వాదించుకునేవాళ్ళం. ఆ వాదన రాస్తూ రాస్తూ, కింద కొట్టుకి పోయి పెరుగు ప్యాకెట్ తేవడానికి బద్ధకించి ఊరగాయతో సరిపెట్టుకున్న రోజులు నాకు చాలా ఉన్నాయి. గుంటూరు బ్రాడీపేటలో ఒక వీధి నుంచి పక్క వీధికి కూడా షేర్ ఆటో ఎక్కేవాణ్ణి. నా వ్రతం నా వీరుడికే గానీ నాకు కాదు.

బ్యాంకు పరీక్షల కోచింగ్ కోసమని మా నాన్న నన్ను గుంటూరులో ఒక మేడమీది గదిలో పెట్టాడు. టీవీకి తగిలించి ఆడే గేమ్ డబ్బా నాది కాదు. మా గ్రానైట్‌గాడిది. (చీమకుర్తిలో రాళ్ళు కోసే యూనిట్‌లో వాడికి పని దొరికాక ఆ పేరు పెట్టాం. అంతకుముందు పేరు ఇక్కడ రాయదగ్గది కాదు.) అక్కడి రాతి దుమ్ముకి డబ్బా పాడైపోతుందని, మంచి ఇంటికి ఇస్తున్నట్టు నాకు అప్పగించి పోయాడు. ఇలా నేనూ నా సిద్ధాంతమూ సుఖంగా ఉండగా నాయనమ్మకి కంటి ఆపరేషన్ అయింది. ఒక కంటికి శుక్లం తీశారు, రెండో కన్ను కొన్నాళ్ళాగి చేస్తామన్నారు. ఆస్పత్రి మా గదికి దగ్గర. ఊళ్ళో మిరపతోటకి నీళ్ళు, మందులు, తీరికలేని రోజులు. అందుకని కన్ను కుదుటపడేదాకా నాయనమ్మ నా దగ్గర ఉండాలని తీర్మానమైంది.

వంగకూడదు, పొయ్యి దగ్గరికి పోకూడదు, దుమ్ములోకి పోకూడదు, తల మీద నీళ్ళు పోసుకోకూడదు అన్నాడు డాక్టరు. పుట్టాక ఒక పూట ఊరికే కూర్చోని మనిషికి అది ఆపరేషన్ కన్నా పెద్ద బాధ. నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చుని, నేను వండిన అన్నాన్ని ఓర్చుకుంటూ, రెండు రోజులు గోడ చూసింది. మూడో రోజు టీవీ వైపు తిరిగి, ఆ గడ్డపోడు గుర్రమేసుకుని ఎటు పోతున్నాడని అడిగింది. నాకు మహా ఉత్సాహమొచ్చింది. అంతవరకు నా గేమ్ గురించి మనస్ఫూర్తిగా అడిగిన మనిషి లేదు. కథంతా చెప్పాను. ఈ గడ్డపోడు ఒకప్పటి సిపాయి. వీడి అక్క చనిపోయింది. అక్క కూతుర్ని, ఏడెనిమిదేళ్ళ పిల్లని, ఎవరో ఎత్తుకుపోయారు. ఉత్తరాన మంచుకొండల అవతల కోటలో ఆ పిల్ల ఉందని వీడికి తెలిసింది. మేనమామగా వీడు వెతుక్కుంటూ పోతున్నాడు.

నాయనమ్మ నల్లద్దాలు పైకెత్తి ఒకసారి చూసి, మళ్ళీ దించుకుంది. పగలు కథలు వింటే మేనమామలు దారి తప్పుతారని మా వైపు పెద్దవాళ్ళకి ఒక నమ్మకం. అందుకని కాసేపు గింజుకుంది. చివరికి, ఇది కథ కాదు, ఆట కాబట్టి దోషం లేదని తనే ఒక దారి వెతుక్కుంది. ఆ తర్వాత వీరుడు ఎప్పుడు అడవిలో అడ్డదిడ్డంగా తిరిగినా, చూశావా, పగలు పెట్టావు కాబట్టే వీడికి దారి తెలియడం లేదని నన్నే అనేది.

నిజానికి వాడికి దారి తెలుసు. నేనే పోనివ్వలేదు. దారిలో కనపడ్డ ప్రతి మొక్క దగ్గరా గుర్రం దించి మందాకులు కోయించాను. తోడేళ్ళు మేకల్ని తింటున్నాయని ఒకడు మొరపెట్టుకుంటే ఆ తోడేళ్ళ వెంట పడ్డాను. ఒక కమ్మరివాడి సుత్తి ఏట్లో పడిపోయిందంటే ఏట్లో దూకాను. ఇలాంటి గేముల్లో లోకమంతా మన కోసమే పనులు పెట్టుకుని రోడ్డు పక్కన నిలబడి ఉంటుంది. అదే అందం అని నా ఉద్దేశం. నాయనమ్మకి మాత్రం అది పిచ్చిలా కనపడింది. పిల్ల తప్పిపోయినవాడు ఆకులు కోసుకుంటాడా అంది. వాడి మేక సంగతి వాడు చూసుకుంటాడు, నువ్వు పద అంది. (అలాగని మరీ రాతిగుండె కాదు. ఒక ముసలమ్మ చలికి కట్టెలు కావాలని అడిగితే మాత్రం, పాపం, దాని పని చేసిపెట్టి పోదువుగాని అని అనుమతి ఇచ్చింది. ఆ ముసలమ్మ మోకాళ్ళ నొప్పుల గురించి ఆ పూటంతా బాధపడింది కూడా.) నేను నవ్వి ఊరడించాను. ఇది ఆట నాయనమ్మా, మనం వెళ్ళేదాకా ఆ పిల్లకి ఏమీ కాదు, ఎప్పుడు పోయినా అక్కడే ఉంటుంది అని. ఆ మాట ఆవిడకి నచ్చలేదు. ఏ పిల్లయినా ఎప్పుడు పోయినా అక్కడే ఉంటుందా అని గొణిగింది.

ఫాస్ట్ ట్రావెల్ సంగతి ఆవిడ దగ్గర దాచి ఉంచితే బాగుండేది. ఒకరోజు మ్యాప్ తెరిచినప్పుడు, ఆ చిన్న చిన్న జెండాలేంటని అడిగింది. అబద్ధం చెప్పడం చేతకాక వివరించాను. నొక్కితే పోతాడా అని అడిగింది. పోతాడన్నాను. గుర్రం కూడా పోతుందా అంది. గుర్రం కూడా అన్నాను. అంత సౌకర్యం చేతిలో పెట్టుకుని ఆ నోరులేని జీవాన్ని ఎండలో చంపుతున్నావా అని మొదలుపెట్టి, మా తాత దగ్గర నుంచి నా దాకా మా వంశంలో మొండివాళ్ళందరి పేర్లూ చదివింది. నేను ఆవిడ పక్కన కూర్చుని నా సిద్ధాంతం మొత్తం విప్పాను. ప్రయాణమంటే ఏమిటి, నడక ఎంత గొప్పది, మెల్లగా పోతేనే లోకం కనపడుతుంది, ఇలా ఇంటర్నెట్‌లో రాసినవన్నీ చక్కటి తెలుగులో చెప్పాను. చెప్పింది ఎవరికి? నల్లరేగడి నేలలో వాన పడ్డాక ఒక్కో కాలికి ఇంతింత మట్టి అంటుకుంటుంటే చంకలో పిల్లని, నెత్తి మీద గంపని పెట్టుకుని చేనికి నడిచిన మనిషికి. ఆవిడ ఓపిగ్గా విని, ఒక్కమాట అంది.

"నడిచే పనిలేనోడికేరా నడక మీద మోజు."

అప్పట్లో నేను దాన్ని చదువురాని మాట కింద కొట్టిపారేశాను. సిద్ధాంతం ఉన్నవాడికి చెవులుండవు. పైగా నాయనమ్మ పక్కన ఉండగా గుర్రం మీద తిరగడం నాకు మరీ బాగుండేది. గుర్రానికి ఎర్రది అని పేరు పెట్టింది. అది ఏటి ఒడ్డున పోతుంటే నీళ్ళు తాగనివ్వమని ఆపించేది. మంచు చూసి, ఇంత దూది ఎవరు ఏరతారని దిగులుపడేది. కళ్ళలో చుక్కలు వేసేటప్పుడు కూడా మొహం టీవీ వైపే ఉండేది. కోచింగ్‌లో ఏం చెప్పారో ఈరోజుకీ నాకు ఒక్క ముక్క గుర్తులేదు గానీ, ఆ మంచం పక్కన నేల మీద కూర్చుని ఎటు పోవాలో ఆవిడతో గొడవపడ్డ ప్రతి మలుపూ గుర్తుంది.

ఇంతలో ఊళ్ళో మిరప కోతలు దగ్గరపడ్డాయి. కోతకొచ్చే ఆడవాళ్ళకి వంటా వార్పూ తను చూసుకోకపోతే తోట నడవదని నాయనమ్మ నమ్మకం. మా నాన్న ఫలానా రోజు పొద్దున్నే వచ్చి తీసుకుపోతానని కబురు పెట్టాడు. అప్పటికి మా గడ్డపోడు ఇంకా మంచుకొండలు ఎక్కలేదు. ఆ పొద్దున నాయనమ్మ మూట సర్దుకుని, మంచం మీద కాకుండా నా పక్కన నేల మీదికి వచ్చి కూర్చుంది. నేను పోయేలోపల ఆ పిల్ల దొరుకుతుందా అని అడిగింది. నేను మళ్ళీ అందం, దారి అంటూ ఏదో మొదలుపెట్టబోయాను. ఆవిడ నా మోకాలి మీద చెయ్యేసి ఆపింది.

"మీ అత్త చిన్నప్పుడు తిరునాళ్ళలో తప్పిపోయింది, ఎరుగుదువా? ఈ చివర్నించి ఆ చివరకి ఎట్టా పోయానో నాకు తెలీదురా. నడిచానో, పరిగెత్తానో, ఎగిరానో. జీళ్ళ కొట్టు కాడ ఏడుస్తా కనపడింది. మధ్యలో ఏమున్నయ్యో, ఎవురెదురొచ్చారో ఇప్పటికీ గుర్తులేదు. పిల్ల కోసం పోయేవోడికి దారి కనపడదు."

నా జీవితంలో అంతవరకూ ఫాస్ట్ ట్రావెల్ గురించి అంత సరిగ్గా చెప్పినవాళ్ళు లేరు. తెర ఎందుకు నల్లబడుతుందో నాకు ఆరోజు అర్థమైంది. వ్రతం పక్కన పెట్టి, మ్యాప్ తెరిచాను. ఇక్కడే దేవుడు నవ్వాడు. చూసిన ఊరికే నొక్కి పోగలం, చూడని ఊరికి పోలేం. ఇన్నాళ్ళూ మేకలూ సుత్తులూ అని కింద తిరిగానే తప్ప కొండల వైపు తొంగి చూడలేదు కాబట్టి, కోట ఉన్నచోట మ్యాప్‌లో ఖాళీ. కొండ కిందున్న వంతెన దాకా మాత్రం నొక్కి పోగలిగాం. తెర నల్లబడి వెలగ్గానే నాయనమ్మ నా భుజం చరిచింది, ఏదో తనే ఎగిరినట్టు. అక్కడి నుంచి ఎర్రదాన్ని పరిగెత్తించాను. సగం కొండెక్కామో లేదో కింద ఆటో హారన్, మెట్ల మీద మా నాన్న. బస్సు టైమైందన్నాడు. ఒక్క నిమిషం అన్నాను. నీ ఆటకి నా బస్సు ఆగుతుందా అన్నాడు. నాయనమ్మ లేచింది. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి నాతో చెప్పింది.

"నువ్వు మాత్రం ఆగమాకు. పిల్ల దొరగ్గానే ఫోన్ చెయ్యి."

ఆగాను. అదే నా బాధ. ఆవిడ మెట్లు దిగిన చప్పుడు వినపడుతుండగానే నేను గుర్రాన్ని ఆపేశాను. చూసేవాళ్ళు లేకుండా ఆ పిల్లని దొరకబుచ్చుకుని ఏం లాభమనిపించింది. కోతలయ్యాక రెండో కంటికి మళ్ళీ వస్తుంది కదా, అప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని, రెండు కళ్ళతోనూ చూపిస్తానని అనుకున్నాను. ఇది ప్రేమే, కాదనను. కానీ ప్రేమకి కూడా నేను నా సిద్ధాంతాన్నే అంటించాను, మెల్లగా అయితేనే బాగుంటుందని. కొండ దిగి వచ్చి మళ్ళీ మందాకులు కోసుకున్నాను.

నాయనమ్మ మా అమ్మ ఫోన్లో అప్పుడప్పుడు మాట్లాడేది. అన్నం తిన్నావా అని అడగదు, పరీక్ష ఎలా రాశావని అడగదు. దొరికిందా అనే అడుగుతుంది. దారిలో ఉన్నా, నాయనమ్మా అనేవాణ్ణి. ఇంకా దారేంట్రా అనేది. నువ్వు వచ్చాక చూద్దామనేవాణ్ణి. ఈ మాటలు మా ఊళ్ళో ఎలా పాకాయో తెలియదు. మిరప కోసేటప్పుడు నోళ్ళు ఖాళీగా ఉంటాయి కదా, ఈ సాలు నుంచి పక్క సాలుకి పోయి ఉంటాయి. గుంటూరులో మనవడు ఒక పిల్ల కోసం తిరుగుతున్నాడు, తల్లి లేని పిల్లంట, ఎవరో తీసుకుపోయారంట, ఇంకా దొరకలేదంట అని నాయనమ్మ చెప్పుకుని కళ్ళు తుడుచుకుంటే వినేవాళ్ళు ఏమనుకుంటారు? ఒక సాయంత్రం మా నాన్న ఫోన్ చేశాడు. చదువుకోమని పంపిస్తే పిల్ల కోసం కొండలెంట తిరుగుతున్నావంట, గుర్రం ఎక్కడిది అన్నాడు. (గుర్రం మీదే ఆయనకి ఎక్కువ కోపం.) నేను నోరు తెరిచేలోగా మా అమ్మ ఫోన్ లాక్కుని, గొంతు బాగా తగ్గించి, మనవాళ్ళేనా అని అడిగింది. అది ఆట అని, ఆ పిల్ల బొమ్మ అని, వాళ్ళ నాన్న రాజుగారి కొలువులో పనిచేసేవాడని అంతా విడమరిచి చెప్పాను. మా నాన్న కుదుటపడతాడనుకున్నాను. ఆయన ఇంకా కుంగిపోయాడు. నిజం పిల్లయితే ఏదో తిట్టి కొట్టి పెళ్ళి చేసేవాళ్ళం, దీన్నేం చెయ్యాలి అన్నాడు. ఆ మాటకి చాలా రోజులు నవ్వుకున్నాను. నాయనమ్మకి చెబితే ఆవిడ కూడా నవ్వి, దగ్గొచ్చి ఫోన్ అమ్మకిచ్చేసింది. ఆ దగ్గు గురించి నేను ఏమీ అనుకోలేదు.

కాయలు కళ్లంలో ఎండుతున్న రోజుల్లో ఒక పొద్దున మా నాన్న మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి కోపంగా లేడు. బాగాలేదు, వెంటనే రా అని మాత్రం అన్నాడు. ఆరోజు బస్సు ప్రతి ఊళ్ళోనూ ఆగింది. చిలకలూరిపేటలో డ్రైవరు టీ తాగాడు, తాగి కండక్టరుతో రాజకీయాలు మాట్లాడాడు. ఎదురుగా గుంటూరు యార్డుకి పోయే మిరప లారీలు ఒకదాని వెనక ఒకటి, బస్సులో అందరికీ తుమ్ములు. కిటికీ బయట చేలూ, ఎర్రటి కళ్లాలూ, గొడుగు పట్టుకుని పోయే మనుషులూ, మెల్లగా పోతేనే కనపడుతుందని నేను రాసిన లోకం మొత్తం అక్కడుంది. నాకు ఒక్కటీ అక్కర్లేదు. తెర నల్లబడితే చాలు, కళ్ళు తెరిస్తే మా ఇంటి వాకిట్లో ఉంటే చాలు అనుకున్నాను. పర్చూరులో దిగి ఆటో ఎక్కి ఊరు చేరేసరికి మా వాకిలి ముందు చెప్పులు చాలా ఉన్నాయి. నాయనమ్మ పోయింది. ఏడుస్తూ ఏడుస్తూ మా అత్త, ఒకప్పుడు తిరునాళ్ళలో తప్పిపోయిన అత్త, నన్ను పక్కకి పిలిచి, పొద్దున కూడా అమ్మ ఎవరో పిల్ల దొరికిందేమో కనుక్కోమంది, ఎవరి పిల్లరా అని అడిగింది.

ఆ తర్వాత గేమ్ డబ్బా తీసుకుపోయి చీమకుర్తిలో మా గ్రానైట్‌గాడికి ఇచ్చేశాను. దుమ్ములో పాడైతే పాడైందన్నాను. నాకు బ్యాంకు ఉద్యోగం వచ్చింది, ఒంగోలులో కాపురం పెట్టాను, నెత్తి మీద జుట్టు పలచబడింది, నా కళ్ళకీ అద్దాలొచ్చాయి. ఫాస్ట్ ట్రావెల్ మంచిదా కాదా అని ఇంటర్నెట్‌లో ఇప్పటికీ కొత్త కుర్రాళ్ళు అదే వేడితో కొట్టుకుంటున్నారు. అప్పుడప్పుడు చదువుతాను. ఎవరికీ జవాబు రాయను.

మొన్నీమధ్య ఒక ఆదివారం పొద్దున, ఇంట్లో వాళ్ళు పెళ్ళికి పోయి ఉంటే, కొత్త డబ్బా ఒకటి తెచ్చి ఆ పాత గేమ్ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఒక్క ఆకు కోయలేదు. మేకలవాడు దారిలో చేతులూపితే, సారీ అండి అని పైకే అని (నిజంగానే అన్నాను) పక్కనుంచి పోయాను. చూడని దారిలో గుర్రాన్ని పరిగెత్తించి, జెండా కనపడ్డ ప్రతిచోటికీ సిగ్గులేకుండా నొక్కి పోయాను. భోజనాల వేళకి కోటలో ఉన్నాను. ఆ పిల్ల మెట్ల మీద ఒక్కతే కూర్చుని ఉంది. గడ్డపోణ్ణి చూసి లేచి నిలబడింది. ఇంతసేపు చేశావేం మామయ్యా అని అడిగింది.

అద్దాలు తీసి తుడుచుకున్నాను. తర్వాత ఇంటర్నెట్‌లో వెతికితే తెలిసింది, ఆ మాట నన్ను చూసి అన్నది కాదట, అందరినీ అలాగే అంటుందట. గుర్రం మీద ఏళ్ళ తరబడి తిరిగి వచ్చినవాణ్ణీ అంతే, తిన్నగా ఎగిరి వచ్చినవాణ్ణీ అంతే. త్వరగా వచ్చినవాడొకడు ఇది అన్యాయమని పెద్ద వ్యాసం రాశాడు. చదివి నవ్వొచ్చింది. కానీ అదంతా తర్వాత. అప్పటికి తెర మీద నా ముందు జవాబులు కొన్ని ఉన్నాయి, వాటిలో ఒకటి నేను ఎంచుకోవాలి. దారి దూరం అని ఒకటి, శత్రువులు అడ్డొచ్చారని ఒకటి, వచ్చేశాను కదా అని ఇంకొకటి. నేను ఏదీ నొక్కలేక రిమోట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆ పిల్ల విసుక్కోలేదు, అలాగే చూస్తూ నిలబడింది. గేముల్లో మనుషులు మనం జవాబు చెప్పేదాకా ఎక్కడికీ పోరు. ఇరవై రెండేళ్ళప్పుడు నేను మనుషులందరూ అంతే అనుకున్నాను.